మిత్రోవ్‌దాన్ నాటి ముద్ర

మంగళవారం పొద్దున్న ఆ అమ్మాయి తలుపు తోసుకుని వచ్చేసరికి మిలుటిన్ పొయ్యి మీద కాఫీ పొంగబెట్టేశాడు. ముప్ఫై ఏళ్ళు పోస్ట్‌మన్‌గా పనిచేసి రిటైరైన ఆయనకు కాఫీ కాయడం ఇప్పటికీ చేతకాలేదు. గుమ్మంలో నిలబడ్డ మనిషి ఎంత బరువు మోసుకొచ్చిందో మాత్రం చూడగానే చెప్పేయగలడు. ఈ పిల్ల భుజాలు రెండూ చెవుల దాకా లేచి ఉన్నాయి. చేతిలో ఒకే ఒక్క కాగితం. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి గుండెలకు అదుముకుంది.

"గురువారం నన్ను కాలేజీ నుంచి తీసేస్తారు మేడమ్," అంది. "నేను దొంగముద్ర వేశానట."

కిటికీ దగ్గర పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్న జాగోర్కా పొట్టు పక్కన పడేసి చేతులు దులుపుకుంది. బెగెయ్ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో లైసెన్సున్న ప్రైవేటు డిటెక్టివ్ ఆవిడ ఒక్కతే, మిలుటిన్ ఆవిడకు సాయం. అంతకు ముందు ఇరవై ఏళ్ళు కోర్టులో గుమాస్తాగిరీ చేసింది. జడ్జీల కంటే కాగితాలను ఎక్కువ నమ్మేది. మనుషుల్ని ఆ రెండింటికంటే ఎక్కువ గమనించేది.

"కూర్చోమ్మా. కాఫీ బాగుండదు, కానీ వేడిగా ఉంటుంది. మొదటి నుంచీ చెప్పు."

ఆ అమ్మాయి పేరు నెవెనా. సంగీత అకాడమీలో ఆఖరి సంవత్సరం. ఆర్కెస్ట్రాను నడిపించే కోర్సు. గురువు ప్రొఫెసర్ స్రెతెన్. మొదటి రోజే అందరి ముందూ "ఆడవాళ్ళ చెయ్యి ఊయల ఊపడానికి పనికొస్తుంది, ఆర్కెస్ట్రా ఊపడానికి కాదు" అని నవ్వించాడట. క్లాసులో ఉన్న నలుగురు మగపిల్లలకూ నెలకోసారి నిజం ఆర్కెస్ట్రాతో సాధన ఇచ్చి, ఈ పిల్లకు మాత్రం పియానో ముందు కూర్చోమన్నాడు. తరవాత ఒంటరి పాఠాలు మొదలయ్యాయి. ఊపిరి సరిచేస్తానంటూ నడుం మీద చెయ్యి. తీసేయమంటే "ఇంత బిగుసుకుపోతే సంగీతం ఎలా వస్తుంది" అన్న వెక్కిరింత. చివరికి, డిగ్రీ కచేరీ కావాలంటే ఆదివారం నది పక్కన ఉన్న తన విడిది ఇంటికి రమ్మన్నాడు. నెవెనా వెళ్ళలేదు. జరిగినదంతా తేదీలతో సహా మూడు పేజీలు రాసి, అకాడమీ టపా కౌంటరులో ఇచ్చింది.

"ఎప్పుడు?"

"నవంబరు ఎనిమిది, శుక్రవారం. సోమవారం ఎలాగూ సెలవని అందరూ ముందే ఊళ్ళకు పోయారు. అందుకే ఆ రోజు వెళ్ళాను, ఎవరి కంటా పడకూడదని. కౌంటరులో దారింకా గారు ఒక్కరే ఉన్నారు. పై రెండు లైన్లు చదివి ఇంక చదవలేదు. ముద్ర వేసి, నంబరు రాసి, కాపీ తీసి దాని మీదా ముద్ర వేసి ఇచ్చారు. 'ఇది కన్నతల్లి అడిగినా చేతికివ్వకు' అన్నారు."

"ఆవిడ ఇప్పుడు..."

"ఫిబ్రవరిలో పోయారు మేడమ్. గుండె ఆగి. భర్త పోయి పదేళ్ళయిందట, ఒంటరి మనిషి."

మిలుటిన్ కప్పు కింద పెట్టేశాడు.

ఇలాంటి ఫిర్యాదులు కవరులో సీలు చేసి, సమానత్వ కమిషనరుగా ఉన్న ఉప డీన్ విదోసావాకు చేరాలి. దారిలో కార్యదర్శి గది ఉంది, డీన్ గది ఉంది. ఐదు నెలలు ఎవరూ పలకలేదు. ఏప్రిల్లో నెవెనా ధైర్యం చేసి విదోసావా దగ్గరికే వెళ్ళింది. ఆవిడ దగ్గరకు తీసుకుంది. తనకేమీ రాలేదని బాధపడింది. కాపీని ఫొటో తీసుకుని కనుక్కుంటానంది. పది రోజుల తరవాత కార్యదర్శి బాలింట్ సంతకంతో నోటీసు వచ్చింది. నవంబరు ఎనిమిది మిత్రోవ్‌దాన్ పండుగ, ఆ రోజు దారింకాకు ఇంటి పండుగ సెలవు, కౌంటరు మూసి ఉంది, కాబట్టి ఈ ముద్ర దొంగది అని అందులో ఉంది.

"అంటే ఇప్పుడు ఆయన్ని వదిలేసి నన్ను విచారిస్తున్నారు," అంది నెవెనా. ఏడవలేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది.

"నువ్వు వేశావా ముద్ర?" జాగోర్కా సూటిగా అడిగింది.

"లేదు."

"సరే. కాఫీ తాగు."

మర్నాడు అకాడమీ హాల్లోకి అడుగు పెట్టగానే మిలుటిన్ కళ్ళు అలవాటుగా గోడ మీదికి పోయాయి. నోటీసు బోర్డు మూలన నల్ల అంచుతో దారింకా మరణ ప్రకటన ఇంకా ఉంది. కింద 'సంతాపంతో: సహోద్యోగులు' అని తప్ప ఒక్క చుట్టం పేరు కూడా లేదు. "పాపం, దిక్కులేని విధవరాలు," అని నిట్టూర్చాడు.

కార్యదర్శి బాలింట్ పొడుగ్గా, నీటుగా, కాస్త చిరాగ్గా ఉన్నాడు. విద్యార్థిని తరఫున విచారణలో కూర్చోవడానికి జాగోర్కాకు హక్కుందని ఒప్పుకున్నాడు. ఇన్‌వార్డు రిజిస్టరు చూపించడానికి మాత్రం ఒప్పుకోలేదు.

"అందులో అందరి వివరాలూ ఉంటాయి. బయటివాళ్ళకి కుదరదు."

"మీరు చూశారా?"

"ఎందుకు చూడాలి? మూసేసిన కౌంటరులో టపా ఎవరు తీసుకుంటారు?"

"మూసేశారని మీకెలా తెలుసు?"

ఆయన భుజాలు ఎగరేశాడు. "నేను హంగేరియన్ని మేడమ్, కాథలిక్కుని. మా ఇళ్ళల్లో ఈ స్లావా పండుగలు లేవు. ఇంటికో పునీతుడు, ఆయన రోజున పనికి నాగా, పిలవకపోయినా ఊరంతా వచ్చి కడుపునిండా తిని పోవడం, అదంతా మీకు తెలుసు. ఇక్కడికొచ్చి రెండేళ్ళయింది. దారింకాది మిత్రోవ్‌దాన్ అని ఈ బిల్డింగులో గోడలు కూడా చెబుతాయి."

ప్రొఫెసర్ స్రెతెన్ వాళ్ళను నిలబెట్టే మాట్లాడాడు. మెడకు పట్టు రుమాలు, వేలికి రాయి ఉంగరం.

"ఈ కాలంలో ఆడపిల్ల భుజం తడితే కూడా కేసే. పోనీ, నవంబర్లోనే ఫిర్యాదు ఇచ్చిందంటారా? నాకు తెలిసి పది రోజులు కూడా కాలేదు. ముందే తెలిస్తే జనవరి పరీక్షలో దానికి పదికి తొమ్మిది వేస్తానా? పెన్ను నా చేతిలోనే ఉందిగా!"

"దారింకా గారి ఇంటికి పండుగకి వెళ్ళేవారా?"

"గుమాస్తాల ఇళ్ళకా?" అన్నాడాయన, ఎవరో తన కోటు మీద చారు ఒలికించినట్టు ముఖం పెట్టి.

ఆ గదిలోంచి బయటపడ్డాక మిలుటిన్ "ఒక్కటి పీకాలనిపించింది" అన్నాడు. "నాకూ అనిపించింది. కానీ ఆయన నిజమే చెప్పాడు, ముందే తెలియదన్న ఆ ఒక్క విషయంలో," అంది జాగోర్కా.

విదోసావా గది మరో లోకం. కిటికీ నిండా పూలకుండీలు. రాగానే చిన్న గాజు గిన్నెలో పుల్లచెర్రీల పాకం, పక్కన చెంచా, గ్లాసుతో నీళ్ళు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, మెత్తని గొంతు.

"ఆ పిల్లంటే నాకు జాలి," అంది. "నిజంగానే ఏదో జరిగి ఉంటుంది, కాదనను. కానీ దొంగముద్ర వేసి నిజం చెబితే ఎవరు నమ్ముతారు? మొదట్లోనే నా దగ్గరికి నేరుగా వచ్చుంటే ఎంత బాగుండేది."

"దారింకా గారు మీకు బాగా తెలుసా?"

"తెలియడమేమిటమ్మా! ఇరవై రెండేళ్ళు. ఒక్క మిత్రోవ్‌దాన్ కూడా తప్పలేదు, వాళ్ళింటికి వెళ్ళడం. పోయిన నవంబర్లోనూ వెళ్ళాను. ఆవిడ చేసిన తీపి గోధుమ ప్రసాదం చెంచాడు నోట్లో వేసుకున్నాను. అదే ఆఖరిదని ఎవరికి తెలుసు..." ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

మిలుటిన్ కూడా రుమాలు తీశాడు. ఈ లోకంలో ఇంకా మంచివాళ్ళున్నారని ఆయనకు ఎంతో ఊరట కలిగింది. జాగోర్కా మాత్రం చెర్రీ పాకం ముగించి, చెంచాను నీళ్ళ గ్లాసులో పెట్టి, "చాలా బాగుంది" అంది. పాకం సంగతి అన్నదో, మరే సంగతి అన్నదో ఆయనకు అర్థం కాలేదు.

బయటికి వస్తూ ఆవిడ వాకిట్లో ఊడుస్తున్న ఆయా దగ్గర ఆగింది. "దారింకా గారి ఇల్లెక్కడమ్మా?"

"ముందు బజారు వెనకాల ఫ్లాట్లో ఉండేది. పోయినేడు వేసవి నుంచి ఎందుకో అవతలి ఒడ్డు ఊరినుంచి బస్సులో వచ్చేది. ఏడూ పదికి దిగేది. అడిగితే నవ్వేది, చెప్పేది కాదు."

అవతలి ఒడ్డు ఊరికి అరగంట ప్రయాణం. బస్టాపులో దిగగానే కరెంటు స్తంభానికి అంటించిన పాత మరణ ప్రకటన కనిపించింది. ఎండకు వెలిసిపోయినా అక్షరాలు తెలుస్తున్నాయి. మిలుటిన్ చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"జాగోర్కా గారూ! 'సంతాపంతో: భర్త జివోయిన్' అని ఉందండీ. ఆవిడ మొగుడు పోయి పదేళ్ళయిందన్నారుగా?"

"పదండి, ఆ భర్తనే చూద్దాం."

జివోయిన్ తేనెటీగలు పెంచేవాడు. బక్కపల్చని ముసలాయన. చెంచా తేనె, గ్లాసుతో నీళ్ళు పెట్టకుండా ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పలేదు. గోడ మీద పండుగ దీపం కింద ఇంటి పునీతుడి పటం ఉంది: రెక్కలు, చేతిలో కత్తి. జాగోర్కా దాని ముందు కాసేపు నిలబడింది.

"పోయినేడు జులైలో రిజిస్టరాఫీసులో సంతకాలు పెట్టాం," అన్నాడాయన. "ఎవరికీ చెప్పొద్దంది. 'ఈ వయసులో పెళ్ళికూతురేమిటి, ఆఫీసులో నవ్వుతారు' అని సిగ్గు. నేను నవ్వితే నవ్వనీ అన్నాను. రిటైరయ్యాక చెబుదాం లే అంది. రిటైరవనే లేదు."

"మొదటి భర్త ఇంటి పునీతుడి పటం ఏం చేశారు?"

"గుర్రం మీద ఉంటాడే, ఆయనా? కొడుక్కి ఇచ్చేసింది, వెర్షెత్స్‌లో ఉంటాడు. పండుగ కొవ్వొత్తి కూడా. ఆ పాత పండుగ రోజు పొద్దున్నే బస్సెక్కుతూ కాస్త ఏడ్చింది. ముప్ఫై ఏళ్ళు చేసిన పండుగ కదా. ఈ ఇంటి పండుగకి మాత్రం ముందురోజు నుంచీ సెలవు పెట్టి వండింది. ముప్ఫైమంది వచ్చారు. ఆవిడ ఆఫీసు నుంచి మాత్రం ఒక్కరూ లేరు."

తిరుగు బస్సులో మిలుటిన్ చాలాసేపు ఉగ్గబట్టుకున్నాడు. చివరికి "దొరికినట్టేనా?" అని అడిగాడు. "దొరికింది," అంది జాగోర్కా. "కానీ సంతోషంగా లేదు."

గురువారం పదింటికి డీన్ గదిలో అందరూ చేరారు. డీన్ పెద్ద బల్ల వెనక. పక్కన బాలింట్, ఎదురుగా విదోసావా, కిటికీకి ఆనుకుని స్రెతెన్. నెవెనా కుర్చీ అంచున కూర్చుంది. మిలుటిన్ ఆమె వెనక నిలబడ్డాడు. ఆ పిల్ల మెడ వెనక చెమట ఆయనకు కనిపించింది. మరో గంటలో ఈ గదిలోంచి ఆమె విద్యార్థినిగా వెళుతుందో, దొంగగా వెళుతుందో తేలిపోతుంది.

నోటీసు చదవడం పూర్తవగానే జాగోర్కా లేచింది.

"ఈ ఆరోపణ మొత్తం ఒకే ఒక్క మాట మీద నిలబడి ఉంది. నవంబరు ఎనిమిదిన దారింకా ఆఫీసులో లేదు. ఎందుకు లేదు? మిత్రోవ్‌దాన్ కాబట్టి. అందరికీ తెలిసిన మాట కాబట్టి ఎవరూ సరిచూసుకోలేదు. బాలింట్ గారూ, మీకు తెలియదేమో, డీన్ గారికి తెలుసు. మన దగ్గర పెళ్ళయిన ఆడది ఏ పండుగ చేస్తుంది?"

"మొగుడి ఇంటిది," అన్నాడు డీన్, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"అవును. పుట్టింటి పునీతుణ్ణి పుట్టింట్లోనే వదిలి వస్తుంది. మొగుడు పోతే ఆయన పండుగే చేస్తుంది. మరి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే?"

జాగోర్కా బల్ల దగ్గరికి నడిచింది.

"దారింకా పోయినేడు జులైలో మళ్ళీ పెళ్ళి చేసుకుంది. కొత్త ఇంటి పటానికి రెక్కలున్నాయి, కత్తి ఉంది. దేవదూత మిఖాయిల్. ఆయన పండుగ నవంబరు ఇరవై ఒకటి. ఆ రోజు దారింకా సెలవులో ఉంది. పాత పటాన్ని అప్పటికే కొడుక్కి ఇచ్చేసింది కాబట్టి, ఎనిమిదో తారీకున కళ్ళు తుడుచుకుని, పొద్దుటి బస్సెక్కి ఇక్కడికొచ్చింది. కౌంటరు తెరిచింది."

"మీ ఊహ!" అన్నాడు స్రెతెన్.

"ఊహే. నేనింతవరకూ రిజిస్టరు చూడలేదు, చూడనివ్వలేదు. డీన్ గారూ, మీరే తెరవండి. ఎనిమిదో తారీకున రాతలుంటాయి. ఇరవై ఒకటిన ఉండవు. తప్పయితే ఈ అమ్మాయిని తీసేయండి, నా లైసెన్సు కూడా తీసుకోండి."

బాలింట్ వెళ్ళి బరువైన ఆకుపచ్చ అట్ట పుస్తకాన్ని తెచ్చాడు. డీన్ పేజీలు తిప్పాడు. తిప్పుతున్న కొద్దీ ఆయన వేలు నెమ్మదించింది.

"నవంబరు ఎనిమిది. నాలుగు టపాలు. దారింకా చేతి రాతే," అని ఆగాడు. "నంబరు ఏడువందల పధ్నాలుగు. విద్యార్థిని నెవెనా. గోప్యం. మూడు పేజీలు."

నెవెనా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె చేతిలోని కాపీ మీదున్న నంబరు కూడా అదే.

"ఇక మిగిలింది, ఆ కవరును ఎవరు మింగారన్నది," అంది జాగోర్కా. "ప్రొఫెసరు గారికి అవసరం ఉంది, కానీ ఆయనకు తెలియదు. తెలిసుంటే జనవరిలో తొమ్మిది వేసేవారు కాదని ఆయనే గొప్పగా చెప్పుకున్నారు. పైగా గుమాస్తా ఇంటి పండుగ ఎప్పుడో కూడా తెలియని మనిషి. బాలింట్ గారు విన్నది రాశారు. మిగిలింది, వాళ్ళింటి పాత పండుగ తెలిసిన మనిషి. కొత్తది తెలియని మనిషి. నాతో ఎంత నమ్మకంతో చెప్పిందంటే, పోయిన నవంబరులో ఆ ఇంటికి వెళ్ళి ప్రసాదం తిన్నానని కూడా చెప్పింది. ఆ రోజున ఆ ప్రసాదం దారింకా వండనేలేదు. విదోసావా గారూ, మీరు ఏ ఇంట్లో తిన్నారు?"

మిలుటిన్ తన రుమాలు గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు.

విదోసావా ముఖంలో రంగు పోయింది. "పొరపడి ఉంటాను. అంతకు ముందు సంవత్సరం..."

"డీన్ గారూ, ఆ వరసలో చివరి గడి చదవండి. కోర్టులో నేనూ ఇదే పని చేశాను. మంచి గుమాస్తా ఏ కాగితమూ సంతకం లేకుండా చేతులు మారనివ్వదు."

డీన్ చదవలేదు. పుస్తకాన్ని నెమ్మదిగా విదోసావా వైపు తిప్పాడు. నవంబరు పన్నెండు, అందుకున్నవారి సంతకం. సెలవుల నుంచి వచ్చిన రోజున ఒక కట్ట కాగితాలకు ఒకేసారి పెట్టిన సంతకం. ఎన్నింటికి పెట్టిందో, దేనికి పెట్టిందో ఆ చేతికే గుర్తు లేదు. మూసేసిన రోజున పుస్తకంలో ఏముంటుందని ఆవిడ కూడా తెరిచి చూడలేదు.

విదోసావా చేతిసంచీ తెరిచి, ఒక కవరు తీసి బల్ల మీద పెట్టింది.

"చింపబోయాను. చెయ్యి రాలేదు," అంది. "డిసెంబర్లో గుర్తింపు కమిటీ రావాలి. ఈ గొడవ బయటపడితే అకాడమీ మూతపడుతుందనుకున్నాను. మూడువందల మంది పిల్లలు. వాళ్ళు వెళ్ళాక తీద్దామనుకున్నాను. జనవరి, ఫిబ్రవరి... ఆలస్యమైనకొద్దీ నా తప్పే పెద్దదైంది. ఈ పిల్ల కాపీ తెచ్చినప్పుడు ఆ తేదీ చూశాను. మిత్రోవ్‌దాన్! దారింకా ముద్రలో తేదీ తప్పు తిప్పి ఉంటుందనుకున్నాను. నన్ను గట్టెక్కించడానికే అలా పడిందనిపించింది. ఆ రోజు కౌంటరు మూసి ఉందని బాలింట్‌తో నేనే అన్నాను."

"ఇరవై రెండేళ్ళు ఆ ఇంటికి వెళ్ళారు. ఈసారి కూడా వెళ్ళి ఉంటే తెలిసేది," అంది జాగోర్కా.

విదోసావా నెవెనా వైపు తిరిగింది. "మా రోజుల్లో స్రెతెన్‌కి గురువు ఉండేవాడు తల్లీ. ఆయన చేతులూ ఇలాంటివే. మేం ఎవరికీ చెప్పలేదు. నోరు మూసుకుని భరించాం. భరించి ఇంతవాళ్ళమయ్యాం."

నెవెనా లేచి నిలబడింది. పొద్దుటినుంచీ మొదటిసారి ఆమె భుజాలు కిందికి దిగాయి.

"మీరు మూసుకున్నారు కాబట్టే మేడమ్, నేను మూడు పేజీలు రాయాల్సొచ్చింది."

విదోసావా తల వంచుకుంది. మిలుటిన్‌కు ఆవిడ మీద కోపం వచ్చింది, జాలీ కలిగింది. ఆ రెండింటిలో ఏదీ తగ్గలేదు.

డీన్ ఆ మధ్యాహ్నమే నోటీసు వెనక్కి తీసుకుని, నెవెనాకు రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాడు. విచారణ తేలేదాకా స్రెతెన్‌ను పాఠాలనుంచి తప్పించాడు. విచారణను బయటి విశ్వవిద్యాలయం వాళ్ళకు అప్పగించాడు. స్రెతెన్ తలుపు విసిరి వెళ్ళాడు. విదోసావా రాజీనామా రాసిచ్చి, తన కుండీలు తీసుకోకుండానే వెళ్ళిపోయింది. ఇవన్నీ కాగితం మీది పనులనీ, అసలు విచారణ ఇప్పుడే మొదలవుతుందనీ, ఆ మూడు పేజీలను మళ్ళీ గట్టిగా చదవాల్సి వస్తుందనీ జాగోర్కా దాచకుండా చెప్పింది. నెవెనా తెలుసన్నట్టు తలూపింది.

వెళ్ళే ముందు ఆ పిల్ల రిజిస్టరు ఒక్కసారి చూడొచ్చా అని అడిగింది. ఈసారి బాలింట్ కాదనలేదు. ఏడువందల పధ్నాలుగో వరసలో, సంతకం పక్కన, సన్నటి నీలం అక్షరాల్లో ఇంకో మాట ఉంది: 'ముద్రతో ఉన్న కాపీ విద్యార్థిని దగ్గర భద్రంగా ఉంది.'

నెవెనా అప్పుడు ఏడ్చింది. మిలుటిన్ తన రుమాలు ఇచ్చాడు. ఈసారి సరైన మనిషికే ఇచ్చానని ఆయనకు అనిపించింది.

మెట్లు దిగుతూ ఆమె అడిగింది: "వాళ్ళ ఊరికి బస్సు ఎన్నింటికి మేడమ్? ఆయనకి నేనే చెప్పాలి, ఆవిడ ఆ రోజు పనికొచ్చిందని."

"రెండున్నరకి," అన్నాడు మిలుటిన్. "పద, స్టాండు దాకా మేమూ వస్తాం."